తోక మారితే మాట మారుతుంది: ఇక్కడి ఇంగ్లీషులో జంట క్రియలు



బ్యాంకులో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరైనవారు, కాలేజీలో పాఠాలు చెప్పినవారు, ఇంగ్లీషు పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివేవారు మన ఇళ్ళలో చాలామంది ఉన్నారు. అలాంటి పెద్దలే పిల్లల దగ్గరికి ఆస్ట్రేలియా వచ్చాక, "వీళ్ళు మాట్లాడేది సగం అర్థం కావడం లేదు" అంటారు. యాస వల్ల అనుకుంటాం. యాస కొంత కారణమే, కానీ అసలు చిక్కు ఇంకోచోట ఉంది. డాక్టరుగారి రిసెప్షన్ నుంచి ఇలా ఒక ఫోన్ వచ్చిందనుకోండి:

"డాక్టర్ ఈజ్ రన్నింగ్ బిహైండ్ టుడే. కెన్ వీ పుట్ యూ ఆఫ్ టిల్ థర్స్‌డే? ఇఫ్ ఇట్ ఫ్లేర్స్ అప్ బిఫోర్ దెన్, జస్ట్ కమ్ ఇన్."

ఇందులో ఒక్కటి తప్ప అన్నీ ఐదో తరగతి మాటలే. రన్, పుట్, కమ్ తెలియనివారెవరు? అయినా వినేవారికి డాక్టరు ఎక్కడికో పరుగెడుతున్నట్టు, మనల్ని ఎవరో ఎక్కడో పెడుతున్నట్టు అనిపిస్తుంది. ఆమె చెప్పింది ఇంతే: "డాక్టరుగారికి ఈరోజు ఆలస్యమవుతోంది. మీ అపాయింట్‌మెంటు గురువారానికి వాయిదా వేయమంటారా? ఈలోగా నొప్పి మళ్ళీ ముదిరితే నేరుగా వచ్చేయండి." విషయం అర్థం కాక "ఎస్, ఎస్" అని ఫోన్ పెట్టేస్తే, ఇబ్బంది పడేది మనమే.

ఇలాంటి మాటలను ఇంగ్లీషు వ్యాకరణంలో ఫ్రేజల్ వెర్బులు అంటారు. మనం జంట క్రియలు అనుకుందాం. అవి ఎలా పనిచేస్తాయో, ఎక్కడ జాగ్రత్త పడాలో, ఇంట్లో ఎలా నేర్చుకోవచ్చో ఈ వ్యాసంలో చూద్దాం.

రెండు మాటలు, మూడో అర్థం

ఒక మామూలు క్రియకు అప్, డౌన్, ఆన్, ఆఫ్, ఇన్, అవుట్, ఓవర్ వంటి చిన్న మాట ఒకటి తోకలా చేరుతుంది. రెండూ కలిసి కొత్త అర్థం ఇస్తాయి. పుట్ అంటే పెట్టడం. కానీ పుట్ ఆన్ అంటే తొడుక్కోవడం, పుట్ ఆఫ్ అంటే వాయిదా వేయడం, పుట్ అవుట్ అంటే మంట ఆర్పడం, పుట్ అవే అంటే తీసి సర్దడం. పుట్ అప్ విత్ అంటే ఓర్చుకోవడం. క్రియ ఒక్కటే, తోక మారేసరికి పని మారిపోయింది.

ఇవి కష్టమని మనం ఒక్కరమే అనడం లేదు. శామ్యూల్ జాన్సన్ 1755లో తన ప్రసిద్ధ ఇంగ్లీషు నిఘంటువు ముందుమాటలో, పరాయి భాషలవారిని అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేవి ఈ జంటలేనని రాశాడు. ఫ్రేజల్ వెర్బ్ అన్న పేరు 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ రాసిన పుస్తకంతో వ్యాప్తిలోకి వచ్చింది. అంటే పేరుకు వందేళ్ళే, కష్టానికి మాత్రం అంతకంటే చాలా ఎక్కువ వయసు.

ఇది మనకు కొత్త విద్య కాదు

మన భాషలోనూ ఇదే పద్ధతి ఉంది. "వెనక" అనే మాట, "వేసుకోవడం" అనే క్రియ తీసుకోండి. "నాలుగు రాళ్ళు వెనకేసుకున్నాడు" అంటే డబ్బు కూడబెట్టాడని. "కొడుకుని వెనకేసుకొచ్చింది" అంటే తప్పు చేసినా వాడి పక్షాన మాట్లాడిందని. విడివిడిగా చూస్తే ఈ రెండు అర్థాలూ దొరకవు. లేవడం వేరు, లేచిపోవడం వేరు. "పడటం" చివర చేరి మండిపడటం, బయటపడటం, ఊడిపడటం అని ఎన్ని వేషాలు వేస్తుందో చూడండి.

అర్థం పూర్తిగా తిరగబడే మాటలు కూడా మనకున్నాయి. బియ్యం అయిపోతే "బియ్యం నిండుకున్నాయి" అంటాం. దీపం ఆరిపోతే "దీపం కొండెక్కింది" అంటాం. తెలుగు కొత్తగా నేర్చుకునేవారు మొదటిదానికి సంతోషించి, రెండోదానికి కొండ ఎక్కడుందో వెతుకుతారు. మనకు మాత్రం ఒక్క క్షణం కూడా తడుముకోవలసిన అవసరం రాదు. ఎందుకంటే వాటిని మనం విడదీసి నేర్చుకోలేదు. వంటింట్లో, పూజగదిలో, అమ్మ నోట మొత్తం మాటగా విని నేర్చుకున్నాం. ఇంగ్లీషు జంటలకూ అదే దారి.

ఇంకో సంగతి. వీటిలో చాలా మాటలు ఇప్పటికే మన తెలుగులో చేరిపోయాయి. శాసనసభలో వాకౌట్, ఫ్యాక్టరీలో లాకౌట్, ఆసుపత్రిలో చెకప్, కంప్యూటర్లో లాగిన్, బండి బ్రేక్‌డౌన్, కరోనా రోజుల్లో లాక్‌డౌన్. ఇంకా ముందుకు వెళ్ళి, క్రియను పక్కన పెట్టి తోకనొక్కదాన్నే తెచ్చుకున్నాం: "లైటు ఆఫ్ చెయ్యి, ఫ్యాను ఆన్ చెయ్యి." కాబట్టి సున్నా నుంచి మొదలుపెడుతున్నామని ఎవరూ అనుకోనక్కరలేదు.

మరి అర్థం కాకపోవడానికి కారణం?

కారణాలు రెండు. మొదటిది మన చదువు. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక రాజసభల్లోకి, న్యాయస్థానాల్లోకి ఫ్రెంచి మాటలు వచ్చాయి. చదువుల వెంట లాటిన్ మాటలు వచ్చాయి. ఇళ్ళలో, పొలాల్లో మామూలు జనం మాత్రం పాత పొట్టి మాటలనే జతచేసి వాడుకున్నారు. మన బడుల్లో నేర్పింది ఎక్కువగా పుస్తకాల ఇంగ్లీషు. అందుకే మనకు పోస్ట్‌పోన్, టాలరేట్, ఎక్స్‌టింగ్విష్ సులువు. పుట్ ఆఫ్, పుట్ అప్ విత్, పుట్ అవుట్ కష్టం. ఇక్కడి పసిపిల్లలకు సరిగ్గా దీనికి తలకిందులు.

తెలుగులో దీనికి పోలిక కావాలంటే, "భుజించితిరా" అని మాత్రమే నేర్చుకున్న విదేశీయుడిని తలచుకోండి. "తినేసి వచ్చేశారా?" అని పలకరిస్తే ఆయన తెల్లమొహం వేస్తాడు. పుస్తకాల భాషకూ నోటి భాషకూ మధ్య ఇంత దూరం ఉండకూడదని, బడిలో వాడుక భాషే నేర్పాలని గిడుగు రామమూర్తి పంతులుగారు జీవితమంతా వాదించారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆయన తెలుగు గురించి చెప్పింది ఇంగ్లీషుకూ వర్తిస్తుంది. గ్రాంథికం ఎంత వచ్చినా, వీధిలో బతకడానికి వాడుక భాష కావాలి.

రెండో కారణం సంధి. రాసేటప్పుడు "టర్న్ ఇట్ ఆఫ్" మూడు మాటలు. పలికేటప్పుడు ఒక్కటే: "టర్నిటాఫ్". పిక్ ఇట్ అప్ "పికిటప్" అవుతుంది. ఇక్కడివారు అచ్చుల మధ్య టకారాన్ని కాస్త డకారంలా పలుకుతారు కాబట్టి పుట్ ఇట్ ఆన్ చివరికి "పుడిడాన్" లా చెవిన పడుతుంది. అది ఏ నిఘంటువులోనూ దొరకదు. వెళ్ళి, పోయాడు కలిసి "వెళ్ళిపోయాడు" అయినట్టే ఇదీ. తెలియని మాట వినపడితే ముందు చివరి అక్షరాలు పట్టుకోండి. అప్, ఆఫ్, ఆన్, అవుట్ వీటిలో ఏదో ఒకటి దొరుకుతుంది. సాధారణంగా జంటలో నొక్కి పలికేది కూడా తోకనే. ఆ చివర దొరికితే మొదలు దానంతటదే విడిపోతుంది.

తోకలకూ ఒక స్వభావం ఉంది

బస్సు, రైలు కార్డులు చూడండి. సిడ్నీలో ఓపల్ కార్డుతో ట్యాప్ ఆన్, ట్యాప్ ఆఫ్ చేయమంటారు. మెల్‌బోర్న్‌లో మైకీ కార్డుకు టచ్ ఆన్, టచ్ ఆఫ్. పెర్త్‌లో స్మార్ట్‌రైడర్‌కు ట్యాగ్ ఆన్, ట్యాగ్ ఆఫ్. ఊరు మారినప్పుడల్లా క్రియ మారింది, ఆన్ ఆఫ్‌లు మాత్రం మారలేదు. ప్రయాణం మొదలైందని, ముగిసిందని చెప్పే బరువంతా తోకదే. అందుకే ముఖ్యమైన తోకల స్వభావం తెలిస్తే చాలా జంటలు ఊహకే అందుతాయి.

అప్: పైకి అన్నది మొదటి అర్థం. దానికంటే ఎక్కువగా వినపడే అర్థం "పూర్తిగా". మన "ఏయడం" లాంటిది. ఈట్ అప్ అంటే తినెయ్, డ్రింక్ అప్ అంటే తాగెయ్, యూజ్ అప్ అంటే వాడెయ్, టైడీ అప్ అంటే సర్దెయ్. 1989లో ఇయాన్ కీర్నన్ సిడ్నీ హార్బరును శుభ్రం చేయడానికి జనాన్ని కూడగట్టాడు. మరుసటి ఏడాది నుంచి అది దేశమంతటికీ పాకి క్లీన్ అప్ ఆస్ట్రేలియా డే అయింది. అందులోని అప్ "అంతా ఊడ్చిపారేద్దాం" అనే పట్టుదలను చెబుతుంది.

డౌన్: తగ్గడం, ఆగడం, కాగితం మీద పెట్టడం. స్లో డౌన్ అంటే వేగం తగ్గించు, బ్రేక్ డౌన్ అంటే చెడి ఆగిపోవడం, రైట్ డౌన్ అంటే రాసిపెట్టుకో.

ఆన్: అంటుకోవడం, కొనసాగడం. వేసవిలో ఎండ నుంచి కాపాడుకొమ్మని 1981లో విక్టోరియా క్యాన్సర్ సంస్థ మొదలుపెట్టిన స్లిప్, స్లాప్, స్ల్యాప్ ప్రచారం మన పిల్లలందరికీ తెలుసు. ఆ మూడు క్రియల వెనకా ఆన్ ఉంది. చొక్కా స్లిప్ ఆన్ అంటే గబుక్కున తొడుక్కో, సన్‌స్క్రీన్ స్లాప్ ఆన్ అంటే దండిగా పూసుకో, టోపీ స్ల్యాప్ ఆన్ అంటే టక్కున పెట్టుకో. 2007లో కళ్ళజోడు కోసం స్లైడ్ ఆన్ కూడా చేర్చారు. ఇక హ్యాంగ్ ఆన్ అంటే వేలాడమని కాదు, కాస్త ఆగమని.

ఆఫ్: విడిపోవడం. టేక్ ఆఫ్ యువర్ షూస్ అంటే చెప్పులు విప్పండి. డ్రాప్ ఆఫ్ అంటే దింపి వెళ్ళడం. నాక్ ఆఫ్ అంటే పని ముగించి బయటపడటం. "వాట్ టైమ్ డూ యూ నాక్ ఆఫ్?" అంటే డ్యూటీ ఎన్నింటికి అయిపోతుందని.

అవుట్: బయటికి రావడం, తేలడం, అయిపోవడం. ఫైండ్ అవుట్ అంటే కనుక్కోవడం. రన్ అవుట్ అంటే నిండుకోవడం. సస్ అవుట్ అంటే సంగతేమిటో ఆరా తీయడం, ఇక్కడ తరచుగా వినపడుతుంది.

ఓవర్: పక్కకి, చేతులు మారడం, మళ్ళీ ఒకసారి. పోలీసులు పుల్ ఓవర్ అంటే బండి పక్కకి తీసి ఆపాలి. హ్యాండ్ ఓవర్ అంటే అప్పగించడం. థింక్ ఇట్ ఓవర్ అంటే నిదానంగా ఆలోచించుకో.

ఇవి పట్టుకొమ్మలే కానీ తిరుగులేని సూత్రాలు కావు. ఎక్కడ తప్పుతాయో ముందు చూస్తాం.

"ఇట్" ఎక్కడ పెట్టాలి?

మాట్లాడేటప్పుడు ఒక్క నియమం గుర్తుంటే చాలు. "టర్న్ ఆఫ్ ద లైట్" అన్నా, "టర్న్ ద లైట్ ఆఫ్" అన్నా సరే. లైటు బదులు ఇట్ వస్తే అది మధ్యలోనే కూర్చోవాలి: "టర్న్ ఇట్ ఆఫ్". "టర్న్ ఆఫ్ ఇట్" అనరు. పిక్ హర్ అప్, ఫిల్ ఇట్ ఇన్, పుట్ ఇట్ ఆఫ్ అన్నీ ఇలాగే.

కొన్ని జంటలు మాత్రం విడివడవు. లుక్ ఆఫ్టర్ అంటే కనిపెట్టుకుని చూసుకోవడం. "ఐ లుక్ ఆఫ్టర్ హర్" అనాలి. మనవలను చూసుకునే అమ్మమ్మలకు, తాతయ్యలకు రోజూ పనికొచ్చే వాక్యం ఇది. మూడు మాటల గుంపులు కూడా విడదీయరు: రన్ అవుట్ ఆఫ్, పుట్ అప్ విత్, కమ్ డౌన్ విత్.

డాక్టరు దగ్గర

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే తీరిక ఉంటే ఇది చదవండి. మిగతాచోట్ల అపార్థం నవ్వుతో పోతుంది, ఇక్కడ పోదు.

డాక్టర్లు, నర్సులు పెద్దవారికి సులభంగా ఉండాలని లాటిన్ మాటలు మానేసి మాట్లాడతారు. వామిట్ అనకుండా త్రో అప్ అంటారు. మనకు వామిటే తెలుసు. సులువు చేద్దామని వారు వేసిన దారి మనకే కష్టమైంది. తరచుగా వచ్చేవి ఇవి:

త్రో అప్: వాంతి చేసుకోవడం.
కీప్ డౌన్: తిన్నది, తాగినది కడుపులో నిలవడం. "ఆర్ యూ కీపింగ్ వాటర్ డౌన్?" అంటే తాగిన నీళ్ళు నిలుస్తున్నాయా అని.
బ్రింగ్ అప్: కఫం వంటివి బయటికి రావడం.
పాస్ అవుట్: స్పృహ తప్పడం. కమ్ టు: స్పృహలోకి రావడం.
పాస్ అవే: చనిపోవడం.
స్వెల్ అప్: వాచడం. ఫ్లేర్ అప్: తగ్గినది మళ్ళీ ముదరడం. క్లియర్ అప్: నయమై పోవడం.
ప్లే అప్: ఇబ్బంది పెట్టడం. "మై నీ ఈజ్ ప్లేయింగ్ అప్" అంటే మోకాలు సతాయిస్తోందని.
కమ్ డౌన్ విత్: జబ్బు పడటం.
వేర్ ఆఫ్: మందు ప్రభావం తగ్గిపోవడం.

మందుల విషయంలో తోక మీదే అంతా ఆధారపడి ఉంటుంది. గో ఆన్ అంటే మందు మొదలుపెట్టడం, స్టే ఆన్ అంటే కొనసాగించడం, కమ్ ఆఫ్ అంటే మానేయడం, వీన్ ఆఫ్ అంటే కొంచెం కొంచెంగా తగ్గించి మానడం. కొన్ని మందులు ఒక్కసారిగా ఆపితే ప్రమాదం. అందుకే కమ్ ఆఫ్ అన్నారా, వీన్ ఆఫ్ అన్నారా అన్నది స్పష్టంగా తేల్చుకోవాలి. తిండి సంగతీ ఇంతే. కట్ డౌన్ అంటే తగ్గించడం, కట్ అవుట్ అంటే పూర్తిగా మానడం. ఇంటికొచ్చాక ఇలాంటి సంభాషణ వినే ఉంటారు:

"ఏమ్మా, డాక్టరు ఉప్పు కట్ చెయ్యమన్నాడుగా, ఇక చప్పిడి తిండేనా?"

"అవుట్ కాదు మామయ్యగారూ, కట్ డౌన్ అన్నారు. ఆవకాయ రోజూ వద్దు, ఎప్పుడైనా ఒక ముక్క చాలన్నమాట."

అర్థం కానప్పుడు తల ఊపవద్దు. మర్యాద కోసం మనం ఊపే తలను వారు అంగీకారంగా రాసుకుంటారు. ఈ ఒక్క వాక్యం కంఠతా పట్టండి: "సారీ, కుడ్ యూ సే దట్ అనదర్ వే, ప్లీజ్?" అంటే "అదే సంగతి ఇంకో రకంగా చెప్తారా?" అని. "రిపీట్ ప్లీజ్" అంటే అదే మాట ఇంకా గట్టిగా చెబుతారు, అంతే. ఇంకో రకంగా అడిగితే మాట మారుతుంది. చివర్లో మీకు అర్థమైనది మీ మాటల్లో తిరిగి చెప్పండి: "సో, హాఫ్ టాబ్లెట్ ఫర్ వన్ వీక్, దెన్ స్టాప్. ఈజ్ దట్ రైట్?"

ముఖ్యమైన అపాయింట్‌మెంటుకు తెలుగు దుబాసీ కావాలని ముందే అడగవచ్చు. ప్రభుత్వం నడిపే టిస్ నేషనల్ సేవ 131 450 నంబరులో రాత్రింబవళ్ళు పనిచేస్తుంది, అందులో తెలుగు కూడా ఉంది. ఎవరికి ఉచితం, ఎవరికి కాదన్నది వీసాను, మెడికేర్‌ను బట్టి మారవచ్చు. ఆ విషయం క్లినిక్‌లో ముందే అడిగి ఉంచుకోండి. స్కూలుకెళ్ళే మనవరాలిని దుబాసీగా కూర్చోబెట్టకండి. ఆ పాపకు ఇంగ్లీషు బాగా రావచ్చు, కానీ మందుల పేర్లు తెలుగులో రావు. పైగా తాతయ్య జబ్బు భారం ఆ చిన్న భుజాల మీద పడుతుంది.

మనం ఇండియా నుంచి తెచ్చుకున్న అర్థాలు

కొన్ని జంటలు మనకు బాగా తెలుసు, కానీ ఇక్కడ అర్థం వేరు. ఇవి తెలియనివాటికంటే ప్రమాదం.

"ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2019" అని ఇంటర్వ్యూలో అంటే, డిగ్రీ పూర్తయిందని మన భావం. స్పృహ తప్పారని వారికి వినపడుతుంది. ఇక్కడ గ్రాడ్యుయేటెడ్ అనండి. "వేర్ ఆర్ యూ పుట్ అప్?" అని మన ఊళ్ళో అడుగుతాం, ఇక్కడ "వేర్ ఆర్ యూ స్టేయింగ్?" అనాలి. కోప్ అప్ విత్ అని అలవాటుగా అంటాం. అక్కడ అప్ అక్కరలేదు, కోప్ విత్ చాలు.

అన్నిటికంటే చిత్రమైనది ఆఫ్. మనకు ఆఫ్ అంటే ఆగిపోవడమే. "ద పవర్ వెంట్ ఆఫ్" అంటే కరెంటు పోయింది, బాగానే ఉంది. కానీ "ద అలార్మ్ వెంట్ ఆఫ్" అంటే అలారం ఆగిందని కాదు, మోగిందని. "ద మిల్క్ హ్యాజ్ గాన్ ఆఫ్" అంటే పాలు విరిగాయని. సాంబ్రాణి పొగకో, పోపు పొగకో స్మోక్ అలారం మోగుతుంటే పక్కింటివారు తలుపు తట్టి "యువర్ అలార్మ్స్ గాన్ ఆఫ్" అంటారు. ఆగిపోయిందట అనుకుని నమస్కారం పెట్టి పంపించకండి. నిండుకున్న బియ్యం, కొండెక్కిన దీపం గుర్తు తెచ్చుకుంటే ఈ ఆఫ్ మీద కోపం రాదు.

ఉద్యోగంలో, ఆలయంలో

ఆఫీసులో తేడా తెలియాల్సిన మాటలు మూడు. స్టెప్ డౌన్ అంటే తానే పదవి వదులుకోవడం. లే ఆఫ్ అంటే ఉద్యోగంలోంచి తీసేయడం. స్టాండ్ డౌన్ వేరు. యంత్రాలు చెడిపోవడం, సమ్మె, యజమాని చేతిలో లేని కారణంతో పని ఆగిపోవడం వంటి పరిస్థితుల్లో జీతం లేకుండా కొంతకాలం ఇంటికి పంపడానికి 2009 నాటి ఫెయిర్ వర్క్ చట్టం అనుమతిస్తుంది. ఉద్యోగం మాత్రం ఉంటుంది. 2020 మార్చిలో క్వాంటాస్ సుమారు 20,000 మందిని ఇలాగే స్టాండ్ డౌన్ చేసింది. ఈ మాట విన్నవారు ఉద్యోగం పోయిందని బెంబేలెత్తి వేరే నిర్ణయాలు తీసుకోకుండా, ముందు ఉత్తరం పూర్తిగా చదివి, అర్థం కాకపోతే అడగాలి.

ఫిల్ ఇన్‌కు మూడు ముఖాలు. ఫిల్ ఇన్ ద ఫారమ్ అంటే ఫారం నింపడం. ఫిల్ ఇన్ ఫర్ హిమ్ అంటే ఆయన బదులు పని చేయడం. ఫిల్ మీ ఇన్ అంటే జరిగింది నాకు చెప్పండని. రాక్ అప్ అంటే చెప్పాపెట్టకుండా ఊడిపడటం, లేదా తాపీగా రావడం. డాబ్ ఇన్ అంటే ఒకరి తప్పును పైవారికి చేరవేయడం. స్కూలు నుంచి వచ్చిన పిల్లలు ఈ మాట అంటే ఏదో గొడవ జరిగిందని అర్థం.

మన ఆలయంలోనూ ఇవి బాగా పనికొస్తాయి. సేవకు పేరు ఇవ్వడం సైన్ అప్, తలా ఒక చెయ్యి వేయడం పిచ్ ఇన్, తలా కొంత వేసుకోవడం చిప్ ఇన్, ప్రసాదం పంచడం హ్యాండ్ అవుట్, వరుసలో నిలబడటం లైన్ అప్, గిన్నెలు కడగడం వాష్ అప్. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలతో, దర్శనానికి వచ్చే ఇతర భాషల భక్తులతో మాట్లాడేటప్పుడు వాడి చూడండి. తప్పు పోతే నవ్వేవారు మనవారే.

ఎక్కడ వాడకూడదో కూడా చెప్పాలి. కౌన్సిల్‌కు దరఖాస్తు, వీసా ఉత్తరం, కోర్టు కాగితం వంటి వాటిలో పాత పుస్తకాల ఇంగ్లీషే మంచిది. అక్కడ పోస్ట్‌పోన్ ఉండాలి, పుట్ ఆఫ్ కాదు. మన పెద్దల చదువు వృథా కాలేదు, దాని చోటు అది.

ఇంట్లో ఒక మారకం

జాబితాలు బట్టీ పట్టడం వల్ల పెద్దగా లాభం లేదు. వారానికి మూడు చాలు. విన్న మాటను విన్న వాక్యంతో సహా ఒక చీటీ మీద రాసి ఫ్రిజ్ మీద అంటించండి. ఎక్కడ విన్నారో కూడా రాయండి: బస్సులోనా, కోల్స్‌లోనా, స్కూలు గేటు దగ్గరా. శాశ్వత నివాసులకూ, కొన్ని ఇతర వీసాలవారికీ 1948 నుంచి నడుస్తున్న పెద్దల వలస ఇంగ్లీషు కార్యక్రమం, అంటే ఏఎంఈపీ తరగతులు ఉచితం. అర్హత ఉందేమో కనుక్కోండి.

ఇంకో మంచి ఉపాయం మారకం. మనవడు తాతయ్యకు ఒక ఇంగ్లీషు జంట ఇవ్వాలి, తాతయ్య దానికి సరితూగే తెలుగు మాట తిరిగి ఇవ్వాలి. మొదలుపెట్టడానికి కొన్ని:

పుట్ అప్ విత్: సర్దుకుపోవడం.
స్టిక్ అప్ ఫర్: వెనకేసుకురావడం.
పుట్ బై: వెనకేసుకోవడం.
గివ్ అప్: చేతులెత్తేయడం.
రన్ అవుట్: నిండుకోవడం.
షో ఆఫ్: గొప్పలు పోవడం.
బ్లో అప్: మండిపడటం.
బ్రష్ ఆఫ్: కొట్టిపారేయడం.
టెల్ ఆఫ్: చివాట్లు పెట్టడం.
మేక్ అప్: గొడవపడి మళ్ళీ కలిసిపోవడం.

ఈ జాబితాలో పిల్లలకు ఎడమవైపు అంతా తెలుసు, కుడివైపు సగం తెలియదు. పెద్దలకు కుడివైపు అంతా తెలుసు, ఎడమవైపు సగం తెలియదు. "తాతయ్యకి ఇంగ్లీషు రాదు" అని మనవడు, "వీడికి తెలుగు రాదు" అని తాతయ్య అనుకుంటూ ఒకే ఇంట్లో మాట తగ్గించేసుకోవడం కంటే, రోజుకు ఒక మాట ఇచ్చిపుచ్చుకోవడం మేలు. దానికి ఫీజు లేదు, పుస్తకం అక్కరలేదు. ఆదివారం దర్శనం నుంచి ఇంటికి వెళ్ళే కారు ప్రయాణం సరిపోతుంది.

మీ ఇంట్లో తమాషాగా అపార్థమైన జంటలు, వాటికి మీరు కనిపెట్టిన చక్కని తెలుగు మాటలు ఉంటే సంపాదక వర్గానికి రాసి పంపండి. వచ్చే సంచికలో పంచుకుందాం.